మేం పెట్టుకున్న నీళ్ళు

మా ఊరిని చెరువు చేశారు. పలుగూ పారా పట్టి తవ్వి కాదు, గదిలో కూర్చుని రంగు వేసి. వానాకాలపు సార్వా వరి పొట్టమీదుండగా నడుంలోతు నీళ్ళలో మునిగి కుళ్ళిపోతే, ఉపగ్రహం పంపిన బొమ్మలు చూసి గీసిన ముంపు పటంలో ఆ చేలన్నిటికీ లేతనీలం పులిమారు. లేతనీలం అంటే ఎప్పుడూ నీళ్ళుండే చోటని అర్థమట. ఎప్పుడూ నీళ్ళుండే చోటికి కొత్తగా ముంపేమిటి? కనక మా ఊరు మునగలేదు. అలా తేల్చేశారు.

ఇది తొంభైల చివరి సంగతి. ఇప్పటికీ తలుచుకుంటే నాకు చెవులు వేడెక్కుతాయి.

మాది భీమవరానికి బాగా దిగువన, సముద్రం వైపున్న పల్లపు ఊరు. కాలవ నీళ్ళు అందరికీ అందాక ఆఖర్న మాకొస్తాయి. మురుగు నీళ్ళు మాత్రం అందరి చేలూ దాటుకుని నేరుగా మా మీదకే వస్తాయి. ఆ మురుగు కాలవని మా వైపు అందరూ డ్రైనంటారు. అది మా ఊరి పక్కనుంచి వెళ్ళి సముద్రంలో కలవాలి. కలవాలి అంటున్నాను, కలుస్తుందని అనటం లేదు. తూటికాడా, గుర్రపుడెక్కా, ఏళ్ళ తరబడి తీయని పూడికా నిండిపోయి, వానలు ముదిరినప్పుడల్లా అది వెనక్కి తన్నేది. ఆ ఏడు అక్టోబరులో అలాగే తన్నింది. నీళ్ళు దిగేసరికి చేలన్నీ గడ్డివాములు కుళ్ళిన వాసన. ఊళ్ళో అన్నం సయించలేదు ఎవరికీ.

తరవాత కొన్నాళ్ళకి మండలాఫీసులో మీటింగు పెట్టి ఆ పటం గోడకి తగిలించారు. ముదురునీలం ముంపు, లేతనీలం ఎప్పుడూ ఉండే నీళ్ళు, పసుపు పొడి నేల. ముదురునీలం పడిన ఊళ్ళ డ్రైన్లకి ఈ వేసవిలోనే పూడిక తీస్తామనీ, మిగిలినవాటి సంగతి తరవాత చూస్తామనీ చెప్పారు. మాకు ఎగువనున్న మెరక ఊరికి ముదురునీలం పడింది. వాళ్ళ చేలలో నీళ్ళు నిలబడ్డ మాట నిజమే. కానీ మూడోనాటికి దిగిపోయాయి, పంట చేతికొచ్చింది. మా ఊరు మాత్రం, ఇళ్ళూ రోడ్డూ తప్ప, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా లేతనీలం. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో చెప్పలేను.

మీటింగయ్యాక టీ కొట్టు దగ్గర ఆ మెరక ఊరి పెద్దమనిషొకాయన నన్ను చూసి గ్లాసు పైకెత్తాడు.

"ఏవండోయ్ చెరువుగారూ! చేపలు బాగా ఎదుగుతున్నాయాండి?"

"మీకు మునగకుండానే ముంపు రాశారు కదండీ. ముందు మీరు ఆ తడి ఆరబెట్టుకోండి, జలుబు చేస్తుంది" అన్నాను.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఇంటికొచ్చేదాకా సైకిలు పెడలు మీద నా కాలు ఎంత గట్టిగా పడిందో నాకే తెలుసు.

ఆ కోపం నా చేను కోసం కాదు. నాది చిన్న చెక్క, ఉన్నా లేకపోయినా ఒకటే. మా అక్కయ్య కోసం. నాకంటే పెద్దది, బావగారు పోయినప్పట్నుంచీ సొంతంగా వ్యవసాయం చేస్తోంది. పల్లంలో ఉన్న పెద్ద చేనుతోబాటు, ఊరి ఆయకట్టు నడిమధ్యన ఆవిడకి ఒక మెరక మడి ఉంది. చుట్టూ పల్లం, మధ్యలో అదొక్కటి మోకాలెత్తు మెరక. దాన్లో బావగారు వేయించిన ఫిల్టరు పాయింటు బోరు ఉంది. కాలవ నీళ్ళు మాకు ఆలస్యంగా వస్తాయి కాబట్టి ఎవరి చేలో వాళ్ళు నారు పోసుకుంటామంటే కుదరదు. అందుకని ఊరు ఊరంతా అక్కయ్య మడిలోనే నారు పోస్తారు. ఒక్కో ఇంటికీ ఒక్కో పట్టె, మధ్యలో చిన్న గట్టు. మా వైపు దాన్ని ఆకుమడి అంటారు. బదులుగా అక్కయ్య చేనుకి ఊడ్పులు, అదే నాట్లు, ఊరివాళ్ళే చేసి పెడతారు. ఎవరూ కాగితం రాసుకోలేదు, ఎవరూ మాట తప్పలేదు.

పటం సంగతి తెలిశాక వారం తిరక్కుండానే చేపల మేత అమ్మే ఏజెంటొకడు భీమవరం నుంచి మోటారుసైకిలు మీద వచ్చి అక్కయ్య అరుగెక్కాడు. పెద్ద చేనూ మెరక మడీ కలిపి చెరువుకి లీజుకిప్పించాలని వాడి ప్రయత్నం. నేనప్పుడు అక్కడే ఉన్నాను.

"పెద్దమ్మగారూ, గవర్నమెంటే చెరువని రాసేసింది కదండీ. ఇంక మనం తవ్వితే కాదనేదెవరండి?"

"గవర్నమెంటు రాసిందని నువ్విప్పుడు నీళ్ళల్లో కూచున్నావా? తడుస్తావు, లేచి ఆ మంచం మీద కూచో."

"ఆయ్, కూచున్నానండి. మీరు ఊఁ అంటే చాలండి, మిగతాదంతా మేం చూసుకుంటాం."

వాడికి మజ్జిగిచ్చి పంపించింది. పంపించాక నావైపు తిరిగి నవ్వకుండా చెప్పింది. "ఒరేయ్ తమ్ముడూ, వాణ్ణి వెటకారం చేశానని సంబరపడకు. ఈ వేసవికి డ్రైను బాగుచెయ్యకపోతే ఇచ్చేస్తాను. కుళ్ళిన వరి కోయించి పారబోయించడం ఇక నావల్ల కాదు. జూన్లో కాలవలకి నీళ్ళు వదిలేలోపు ఏ సంగతైనదీ చెప్తానని వాడికి మాటిచ్చాను."

"మరి ఆకుమడి?"

"అదే నేనూ ఆలోచిస్తున్నాను. నువ్వు పేపర్లు చదువుతావుగా, నువ్వు చెప్పు."

ఆవిడ మడి పోతే ఊరికి నారు లేదు. నారు లేకపోతే ఒకళ్ళ తరవాత ఒకళ్ళు చెరువులు తవ్వించుకోవడమే. అప్పుడా పటం నిజమైపోతుంది. ముందు అబద్ధం రాసి, తరవాత ఊరిని దానికి సరిపెట్టడం! ఆ ఆలోచనే నన్ను నిలబడనివ్వలేదు.

నేను చదివింది అయిదో తరగతి. మిగతాదంతా దొరికినచోట దొరికినట్టు నేర్చుకున్నాను. ఇంగ్లీషు ఎరువుల బస్తాల మీద కూడబలుక్కున్నాను, అట్టలూడిన నిఘంటువొకటి పక్కన పెట్టుకుని పేపరు చదివాను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. ఆఫీసుల్లో నా పంచె చూసి నాకు ఏం అర్థమవుతుందో ముందే నిర్ణయించేసే వాళ్ళని జన్మలో చాలామందిని చూశాను కాబట్టి చెబుతున్నాను. వాళ్ళలో ఒకాయన రాజమండ్రిలో ఆ పటం తయారుచేసిన ఆఫీసులో పెద్ద కుర్చీలో ఉన్నాడు.

మొదటిసారి వెళ్ళినప్పుడు నా మనసులో ఒకటే అనుమానం: చేపల చెరువులవాళ్ళు లోపాయికారీగా ఎవరి చెయ్యో తడిపారు. దాన్ని దాచుకోకుండా మొహమ్మీదే అడిగేశాను. ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"చూడండి పెద్దాయనా, శాటిలైట్ అబద్ధం చెప్పదు. అబద్ధాలు మనుషులు చెప్తారు."

"అయితే నేను అబద్ధం చెప్తున్నానంటారు."

"నేనలా అనలేదండి."

"మరి శాటిలైటు అందాండి?"

బయటికి దయచెయ్యమన్నాడు. దయచేశాను. కోటగుమ్మం దగ్గర పాత పుస్తకాలు పరుచుకుని అమ్మేవాడి ముందు ఆగేదాకా నా కాళ్ళు ఎటు నడుస్తున్నాయో నాకు తెలీదు. అక్కడ దొరికింది, ఏదో కాలేజీ పిల్లలు చదివి పారేసిన ఇంగ్లీషు పుస్తకం, ఆకాశం నుంచి భూమిని చూసి పటాలు గీయడం గురించి. సగం పేజీల్లో గీతలు, మార్జిన్లలో సినిమా తారల బొమ్మలు. నిఘంటువు పక్కన పెట్టుకుని నెలా రెండు నెలలు దాంతో కుస్తీ పట్టాను. లెక్కలున్నచోట్ల చేతులెత్తేశాను. మిగతాది పట్టుబడింది.

పట్టుబడింది ఏమిటంటే, ఆ బొమ్మల్లో రంగులు మన కంటికి కనపడే రంగులు కావు. పచ్చటి పైరు ఎర్రగా పడుతుంది. నీళ్ళు నల్లగా పడతాయి. వానలప్పుడు మబ్బు అడ్డమొస్తుంది కాబట్టి మబ్బులోంచి చూడగలిగే వేరే ఉపగ్రహం బొమ్మ తెప్పించుకుంటారు. అన్నిటికంటే ముఖ్యం, ముంపు తేల్చడానికి ఒక బొమ్మ చాలదు, రెండు కావాలి. వరదకి ముందుదొకటి, వరదలో తీసిందొకటి. రెంటిలోనూ నీళ్ళుంటే అది చెరువు. రెండోదాన్లోనే ఉంటే అది వరద. ఇది తెలిశాక నా లంచం కథ నాకే వెలిసిపోయినట్టు కనిపించింది. చెయ్యి ఎవరిది తడిసిందన్నది కాదు అడగాల్సింది. ఆ ముందు బొమ్మలో ఏముంది?

ఏప్రిల్లో మళ్ళీ బయల్దేరాను. రావులపాలెంలో బస్సు మారేటప్పుడు మార్కెట్లో చక్కెరకేళి అత్తం ఒకటి కొన్నాను. ఒట్టి చేతులతో వెళితే ఎవరూ పలకరన్న ఆలోచన కాదు, తిండి వేళకి ఇల్లు చేరలేనని తెలుసు. ఈసారి పెద్ద కుర్చీ ఆయన క్యాంపుకి వెళ్ళాడు. నా అదృష్టం. కంప్యూటర్ల గదిలో ఒకావిడ ఉంది, ముప్పయి దాటిన మనిషి, అనంతపురం వైపు నుంచి బదిలీ మీద వచ్చిందట. చెప్పులు గుమ్మం బయట విప్పించి లోపలికి రమ్మంది. ఆ గదిలో చలి! కాళ్ళకింద నేల జివ్వుమంది. మనుషులకి ఫ్యానుకే గతిలేని ఆఫీసులో మిషన్లకి మాఘమాసం.

"అమ్మా, నాకు పటం వద్దు. వరదకి ముందు తీసిన బొమ్మ చూపించగలరా?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూడలేదు. అది గుర్తుపెట్టుకున్నాను. కుర్చీ లాగి, "కూర్చోండి బాబాయిగారూ" అని బొమ్మ తెరిచింది. అది తెర మీద పైనించి కిందికి గీతలు గీతలుగా దిగింది. ఎగువనంతా ఎర్రటి తివాచీ, పైరు. కిందికొచ్చేసరికి సముద్రం పక్కన నల్లటి మడుగు. అదే మేం.

"చూడండి. వరదకి మూడు నెలల ముందే ఇక్కడ నీళ్ళున్నాయి. తెరిపి రోజు, మబ్బు తునక కూడా లేదు. మా దగ్గరున్న వాటిలో ఇంత మంచి బొమ్మ ఇంకోటి లేదు."

ఆ మడుగు నడిమధ్యన ఒక ఎర్రచుక్క ఉంది. ఆవగింజంత. చుట్టూ నలుపు, మధ్యలో అదొక్కటి ఎర్రగా.

"అదేంటమ్మా?"

"అదా? గుర్రపుడెక్క అనుకున్నామండి. చెరువుల్లో పెరుగుతుంది కదా."

లేచి తెరకి దగ్గరగా వెళ్ళి వంగి చూశాను. దానికి పడమరగా సన్నటి గీత, మా ఊరి రోడ్డు. రోడ్డు నుంచి చుక్కదాకా ఎంత దూరమో నా కాళ్ళకి తెలుసు.

"గుర్రపుడెక్క కాదమ్మా. అది మా అక్కయ్య ఆకుమడి."

ఆవిడకి అర్థం కాలేదు. ఆకుమడి అంటే నారు పోసే మడి అని చెప్పాను. ఊరంతా అక్కడే ఎందుకు పోస్తారో చెప్పాను. ఎగువ ఊళ్ళలో ఊడ్పులైపోయి పైరు పచ్చబడ్డాక మాకు కాలవ వంతు వస్తుంది. వచ్చిన నీళ్ళు మళ్ళీ పోతాయేమోనన్న భయంతో ఊరంతా ఒక్కసారే తూములు కట్టేసి, చేల నిండా నీళ్ళు పెట్టి, బురదగా దున్ని దమ్ము చేస్తాం. ఆ రోజుల్లో గట్టు మీద నిలబడితే ఊరు చుట్టూ అద్దం పరిచినట్టుంటుంది. సరిగ్గా ఆ తెరిపి రోజునే పైనుంచి బొమ్మ తీశారు.

"అవి మేం పెట్టుకున్న నీళ్ళమ్మా. మమ్మల్ని ముంచిన నీళ్ళు అక్టోబరువి. మీరు రెంటినీ ఒకటి చేశారు."

ఆవిడ బొమ్మని పెద్దది చేసి చూసింది. నలుపు అంచులు గట్ల వెంబడి తిన్నగా, మూలలు మూలలుగా ఉన్నాయి. ఆ సంగతి నేను చూడలేదు, ఆవిడే చూపించింది. "చెరువుకి ఇన్ని మూలలుండవు" అంది తనలో తను. తరవాత నావైపు తిరిగి, "మా ఊళ్ళో అంత నీళ్ళు ఒకచోట కనిపిస్తే అది చెరువే బాబాయిగారూ. అన్ని నీళ్ళు చేలల్లో పోసుకునేవాళ్ళుంటారని నాకు తట్టలేదు" అంది.

నిజమే కదా అనిపించింది. నాకు మాత్రం అనంతపురంలో వేరుశనగ ఎలా వేస్తారో ఏం తెలుసు? కానీ నేను వాళ్ళ ఊరి పటం గీయలేదు. ఆ తేడా ఉంది.

అరటిపళ్ళు ఇవ్వబోతే ఆఫీసులో తీసుకోకూడదంది. మెట్లమీద కూర్చుని నేనొక్కణ్ణే తిన్నాను.

ఇంతటితో అయిపోతుందనుకున్నాను. అవలేదు. పెద్ద కుర్చీ ఆయన తిరిగొచ్చి, ఆవిడతో పటం పై ఆఫీసుకి వెళ్ళిపోయిందనీ, వెళ్ళిన పటం మార్చడమంటే మాటలు కాదనీ, చేలు ఎండి ఉండే ఎండాకాలపు బొమ్మ కావాలంటే హైదరాబాదు నుంచి తెప్పించాలనీ చెప్పాడట. నేను ఉత్తరాలు రాశాను. తెలుగులో రాశాను, ఇంగ్లీషులో రాశాను. ఇంగ్లీషుది తప్పులతో రాశాను, తెలిసే పంపించాను. జవాబు లేదు. భీమవరం వెళ్ళి ఎస్టీడీ బూతులోంచి ఫోను చేస్తే ప్రతిసారీ ఆయన మీటింగులోనే ఉన్నాడు. మనిషి అన్ని మీటింగుల్లో కూర్చుంటే నడుం ఏమవుతుందో అని జాలేసింది.

మేలో ఒకనాడు ఆ కంప్యూటర్ల గది ఆవిడ ఫీల్డు వర్కని చెప్పి జీపులో మా ఊరొచ్చింది. అప్పటికి కాలవలు కట్టేసి, నీళ్ళు ఆపి చాలా రోజులైంది. చేలు నెర్రెలిచ్చి ఉన్నాయి, కాలు పెడితే మడమ దిగబడే నెర్రెలు. తీసుకెళ్ళి సరిగ్గా వాళ్ళ చెరువు నడిమధ్యన నిలబెట్టాను. దుమ్ము లేచింది. ఆవిడ ఫొటోలు తీసుకుంటూంటే అక్కయ్య గొడుగేసుకుని గట్టు మీదుగా వచ్చింది.

"ఈతొచ్చా అమ్మా? నడిచెరువులో నిలబడ్డావు."

ఆవిడ సిగ్గుపడి నవ్వింది. "మీ మడి నాకు ముందే తెలుసండి. పైనుంచి చూశాను."

"ఆకాశంలోంచి కనపడిందా నా మడి?" అక్కయ్య గొడుగు పక్కకి వంచి పైకి చూసింది, అక్కడెవరైనా ఉన్నారేమోనన్నట్టు. "మరైతే గుర్రపుడెక్క అన్నావట?"

"అన్నానండి."

"పోన్లే. మా తమ్ముడు చిన్నప్పుడు దాని పువ్వు కోసుకొచ్చి కూర వండమన్నాడు. నువ్వే నయం."

నాకు గుర్తులేదు. అలాంటిది జరిగుండదనే ఇప్పటికీ నా వాదన.

అక్కయ్య ఆవిడకి భోజనం పెట్టే పంపించింది. జీపు కదిలాక మాత్రం మొహం మళ్ళీ గట్టిపడింది. "మంచి పిల్లే. కానీ దాని చేతిలో ఏముందిరా? ఏజెంటు మొన్న మళ్ళీ వచ్చాడు. కాలవలు వదిలితే నా మాట ప్రకారం ఇచ్చెయ్యాలి."

"ఇంకా వదల్లేదుగా."

"వదల్లేదు" అంది. మర్నాడు విత్తనాల బస్తా అటకమీంచి దింపించింది. ఎందుకని నేనడగలేదు. ఇచ్చేసే మడికి విత్తనాలెందుకు? ఆవిడా చెప్పలేదు. జూన్ తగిలింది. పేపర్లో కాలవలు ఫలానా వారం వదులుతారని వేశారు. ఊళ్ళో ఒక్కొక్కళ్ళే వచ్చి, తమ పట్టె ఎప్పుడు చదును చేసుకోమంటారని అక్కయ్యని అడగడం మొదలుపెట్టారు. ఆవిడ అందరికీ ఒకటే చెప్పింది: "రేపు చెప్తాను."

పోస్టుమాన్ సైకిలు బెల్లు కొట్టింది అలాంటి ఒక పొద్దున. అక్కయ్య నూతి దగ్గర ఆకుమడికి విత్తనాలు నానబోస్తోంది. గవర్నమెంటు కవరు. చించి నిలబడే చదివాను, పైకి చదవమంటే పైకి చదివాను. పైన సగం టైపు కొట్టి ఉంది, కింద సగం పెన్నుతో రాసి ఉంది. అందులో ఉన్నదిది:

"మీరు తెలియజేసిన విషయమై, వేసవిలో తీసిన ఉపగ్రహ చిత్రముతో తిరిగి పోల్చి చూడడమైనది. మీ గ్రామపు పొలములు నిత్యము నీరు నిలుచు ప్రాంతము కావనియు, గత సార్వాలో ముంపునకు గురైనవనియు నిర్ధారించి పటము సవరించడమైనది. మీ గ్రామపు మురుగు కాలువలో సముద్రము వైపు భాగమునకు వెంటనే పూడిక తీయుట మొదలుపెట్టి, మిగిలినది వచ్చే వేసవిలో పూర్తిచేయవలసినదిగా సంబంధిత అధికారులను కోరడమైనది.

బాబాయిగారూ, పైన ఎక్కడా పొరపాటు అన్న మాట లేదని మీకు కోపమొస్తుందని తెలుసు. అందుకని నేను రాస్తున్నాను. పొరపాటు మాదే. ఇకమీదట డెల్టాకి ముందు బొమ్మ కాలవలు కట్టేసిన రోజుల్లోదే వాడాలని మా గదిలో గోడకి అంటించాం. మీ అక్కగారితో చెప్పండి, జూలైలో తెరిపిస్తే ఆ ఎర్రచుక్క కోసం చూస్తాను. కనపడకపోతే నేనే వచ్చి ఏమైందని అడుగుతాను."